కార్మెలా ఇనుము, రోడా చెక్క

మా ఊళ్ళో తలుపు గాలికి కొట్టుకోకుండా ఎవరూ రాయి అడ్డం పెట్టరు. తుపాకీ మొండెం పెడతారు.

మొండెం అంటే గొట్టం, చెక్క మడమ, స్ప్రింగులు అన్నీ వచ్చి తగులుకునే నడిమి ఇనుప ముక్క. అది లేకపోతే మిగతాదంతా ఉత్త సామాను. మోహాక్ నది లోయలో తరాల తరబడి వేటతుపాకులు చేసిన ఊరు మాది. తనిఖీలో తప్పిన మొండేలన్నీ నంబరు పడకుండానే తుక్కుబండి ఎక్కాలని కార్ఖానా నియమం. తుక్కుబండికీ గేటుకీ మధ్య ఎవరిదో ఒకరి అన్నం డబ్బా ఉంటుందని ఊరి నియమం. అందుకే మా లైబ్రరీలో పుస్తకాలు ఒరిగిపోకుండా ఆపేది మొండెం. చర్చిలో ఫాదర్ బల్లమీద కాగితాలు ఎగరకుండా చూసేదీ అదే, చేపల పడవకి లంగరూ అదే. పనికిరాని గొట్టాలేమో కిటికీ తెరలకి కడ్డీలయ్యాయి, టమాటా మొక్కలకి ఊతలయ్యాయి. కార్ఖానా మూతబడి కొన్నేళ్ళయింది కానీ ఇళ్ళు మాత్రం ఇంకా దాని సామాను మీదే నిలబడ్డాయి.

నా పేరు బెర్నీ పెట్రీ. ఇంటి వెనక షెడ్డులో తుపాకుల మరమ్మతు కొట్టు నడుపుతాను. కొనడానికీ అమ్మడానికీ ఊరి మొత్తానికి లైసెన్సున్న మనిషిని నేనొక్కదాన్నే. చేపలు పట్టేవాళ్ళకి వానపాములు కూడా అమ్ముతాను. నిజం చెప్పాలంటే కొట్టు గడిచేది వానపాముల మీదే. ఈ లైసెన్సు వల్ల నాకు ఒరిగిందేమన్నా ఉంటే అది తలనొప్పి మాత్రమే. ఇప్పుడు చెప్పబోయేది అందులో పెద్దది.

ఏటా ఆగస్టు చివర కార్ఖానా పాతకాపులందరం నదిఒడ్డున కలుస్తాం. పెద్ద డేగిసాల్లో క్లామ్స్, అంటే ఆల్చిప్పలు, ఆవిరి మీద ఉడుకుతాయి. పక్కన ఉప్పునీళ్ళలో ఉడికిన చిట్టి బంగాళాదుంపలు, కరిగించిన వెన్న. తిండికి ముందు తాడులాట. ఒక పక్క ఇనుపోళ్ళు, అంటే గొట్టాలూ మొండేలూ చేసిన వాళ్ళు. ఇంకో పక్క చెక్కోళ్ళు, తుపాకీ మడమలు చెక్కిన వాళ్ళు. గెలిచిన పక్షం నాయకుడు కప్పు ఇంటికి తీసుకెళ్ళి ఏడాది పొడుగునా ముందుగది కిటికీలో పెట్టుకుంటాడు. కప్పు అని పేరే గానీ అందులో కాఫీ పోస్తే నిలవదు. అది వాల్‌నట్ చెక్క దిమ్మ మీద మరలతో బిగించిన ఒక మొండెం.

ఇనుపోళ్ళ నాయకురాలు కార్మెలా జుకారో. డెబ్బై దాటింది, ఎత్తు నా భుజం దాకా రాదు, నోరు మాత్రం నది అవతలి ఒడ్డు దాకా వెళ్తుంది. గొట్టంలోంచి ఒంటికన్నుతో చూసి వెంట్రుకవాసి వంకర పట్టేసేది. చెక్కోళ్ళ నాయకుడు లైల్ స్టేరింగ్. మంచివాడు. ఎంత మంచివాడంటే ఏటా ఓడిపోయి, ఓడిపోయినందుకు తనే క్షమాపణ చెప్పుకునేవాడు.

లైల్ భార్య రోడా. కప్పు కింద ఉన్న ఆ చెక్కదిమ్మ ఆవిడ చేతిపనే. తుపాకీ పట్టు జారకుండా మడమ మీద వజ్రం ఆకారంలో చిన్న చిన్న గళ్ళు చెక్కుతారు చూడండి, అందులో రోడాని మించిన చెయ్యి మా ఊళ్ళో పుట్టలేదు. ఆ గళ్ళని అచ్చొత్తే యంత్రాలు వచ్చి చేతిపని ఆగిపోయే ముందు ఆవిడ ఆఖరుగా చెక్కింది ఆ దిమ్మనే. చెక్కిన ఏడాదే ఇనుపోళ్ళు గెలిచి పట్టుకుపోయారు. ఆ తర్వాత అది కార్మెలా కిటికీ దిగలేదు.

ఆ ఇద్దరు ఆడవాళ్ళకీ ఎన్నడూ పడలేదు. ఎప్పుడో యూనియన్ మీటింగులో కార్మెలా లేచి, "చెక్క లేకపోయినా తుపాకీ పేలుద్ది" అంది. రోడా కూర్చున్న చోటినుంచే, "పేలుద్ది, నీ భుజమే మిగలదు" అంది. హాలంతా పడీపడీ నవ్వింది. అంతే, ఒకరి గడప ఒకరు తొక్కలేదు. మధ్యలో ఉన్నది రెండు వీధులే.

ఈ ఏడు తాడులాటకి ముందు లైల్ నన్ను పక్కకి పిలిచాడు. తాడు జారకుండా చేతులకి రజను పొడి రాసుకుంటున్నాడు.

"బెర్నీ, ఈసారి గెలవాలి."

"ప్రతి ఏడూ గెలవాలనే కదా లాగేది?"

"అలాక్కాదు. రోడాకి షుగరు కళ్ళని తినేసింది, నీకు తెల్సుగా. ఇప్పుడు వేళ్ళకొచ్చింది. కొసలు మొద్దుబారిపోతున్నాయి. ఎంతకాలం స్పర్శ ఉంటుందో చెప్పలేనన్నాడు డాక్టరు. పోయేలోపు తన పని ఒక్కసారి తడుముకోవాలంటోంది."

"దానికింత దూరం ఎందుకు? కార్మెలాని అడిగితే చూపించదా?"

"అడుగుతానంటే నన్ను వంటింట్లోంచి గెంటేసింది. 'అడుక్కుని తడుముకోను. గెల్చుకురా' అంది. ఇదెవరితోనూ అనకు, ముఖ్యంగా కార్మెలాతో."

"కాలు జారకుండా లాగు" అని కసిరాను.

లాగారు. ఇనుపోళ్ళ వెనకాల తాడు చివర నడుముకి చుట్టుకుని నిలబడేది ఆర్లో. మనిషి కాదు, గోడ. గోడ కదలడం లేదు. లైల్ మొహం కందిపోయింది. చెక్కోళ్ళు అంగుళం అంగుళం జారుతున్నారు. అప్పుడు మడతకుర్చీలో కూర్చున్న రోడా ముక్కు ఎగబీల్చి ఒక్క కేక పెట్టింది.

"క్లామ్స్ ఉడికాయర్రోయ్! వెన్న తెచ్చుకోండి!"

ఆర్లో తల తిప్పాడు. తలతోపాటు ఒళ్ళు తిరిగింది, ఒంటితోపాటు తాడు తిరిగింది. కళ్ళు మూసి తెరిచేలోపు ఇనుపోళ్ళంతా ఒకరిమీద ఒకరు బోర్లా పడ్డారు. కార్మెలా అందరికన్నా కింద ఉంది.

"మోసం!" అంటూ లేచింది, మొహం నిండా గడ్డి.

"మోసమేముందే? వాసన బట్టి చెప్పాను. మూత తీసి చూస్కో" అంది రోడా. మూత తీశారు. క్లామ్స్ నోళ్ళు తెరుచుకుని తయారుగా ఉన్నాయి.

లైల్ ప్యాంటుకి చేతులు తుడుచుకుని ముందుకొచ్చాడు. "కార్మెలా, కప్పు ఇలా ఇస్తావా మరి?"

"ఇవ్వను."

"ఎందుకివ్వవ్?"

"చట్టం ఒప్పుకోదు."

ఇక్కడ ఆ చట్టం సంగతి చెప్పాలి. ఆ వేసవిలోనే రాజధాని నుంచి కొత్త నిబంధనలు దిగాయి. ఇకమీదట నంబరు లేని మొండెం అమ్మకూడదు, కొనకూడదు, ఊరికే కూడా ఇంకొకరికి ఇవ్వకూడదు. ఇవ్వాలంటే ఇద్దరూ లైసెన్సున్న కొట్టుకి రావాలి, నంబరు కొట్టించాలి, పుచ్చుకునే మనిషి మీద నేరాలేవన్నా ఉన్నాయేమో విచారణ జరగాలి. దొంగచాటుగా ముక్కలు కొని ఇంట్లో తుపాకులు బిగించుకునే వాళ్ళని ఆపడానికట. మంచిదే. అలాంటి తుపాకులతో జరిగిన ఘోరాలు పేపర్లో చదివినదాన్నే, నేను కాదనను. కాకపోతే ఆ నిబంధనలు రాసిన మహానుభావుడు మా ఊరి తలుపుల కింద చూసి ఉండడు.

"ఇన్నేళ్ళూ ఏమైందే నీ చట్టం?" అని చెక్కోళ్ళలోంచి ఎవరో అరిచారు.

"ఇన్నేళ్ళూ చేతులు మారలేదుగా! మీరెప్పుడు గెలిచి చచ్చారు గనక? నా చేతిలోంచి లైల్ చేతికెళ్తే నేరం. ఈ వయసులో జైలు కూడు నావల్ల కాదు."

అందరం ఒక్కసారి రోకో వైపు తిరిగాం. రోకో కార్మెలా మేనల్లుడు, రాష్ట్ర పోలీసు. సెలవు పెట్టి వచ్చాడు, గడ్డం మీద వెన్న కారుతోంది.

"నేను క్లామ్స్ తింటున్నాను. నాకేం కనపడలేదు" అన్నాడు.

"ఒరేయ్, యూనిఫాం లేకపోతే నోరు కూడా లేదా నీకు? చట్టం అలా ఉందా లేదా?"

"ఉంది అత్తా. కానీ నువ్వు చట్టం కోసం అనట్లేదు."

"ఎందుకోసమన్నా చట్టం చట్టమే. లైల్, రేపు బెర్నీ కొట్టుకి రా. పద్ధతిగా అయితే ఇస్తా."

మర్నాడు ఇద్దరూ వచ్చారు. కార్మెలా కప్పుని దుప్పట్లో చుట్టి చంకన పెట్టుకుని వచ్చింది. లైల్ పెళ్ళికొడుకులా తల దువ్వుకుని వచ్చాడు. విచారణకి వివరాలు పంపాను. మామూలుగా అయితే చిటికెలో 'కానివ్వండి' అని వస్తుంది. లైల్‌కి మాత్రం 'ఆగండి' అని వచ్చింది. ఫోను చేసి కనుక్కుంటే, ఇంకేదో రాష్ట్రంలో ఇంకో లైల్ స్టేరింగ్ ఉన్నాడట. మరపడవ దొంగిలించి పారిపోయాడట. ఆ లైల్, ఈ లైల్ ఒకడు కాదని తేలేదాకా ఆగాలి. ఎప్పుడు తేలుతుందో చెప్పలేమన్నారు.

కార్మెలా పగలబడి నవ్వింది. "లైలూ, పడవెక్కడ దాచావయ్యా?"

లైల్‌కి నీళ్ళంటే భయం, జన్మలో పడవ ఎక్కలేదు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఇంటికెళ్ళి ఏం చెప్పను బెర్నీ?" అన్నాడు నెమ్మదిగా. కార్మెలా నవ్వు ఆపి అతని వంక ఒక క్షణం చూసింది, తర్వాత కప్పుని మళ్ళీ దుప్పట్లో చుట్టి పట్టుకుపోయింది. నాకు వాళ్ళిద్దరి మీదా, ఆ పడవ దొంగ మీదా ఒకేసారి కోపం వచ్చింది.

అంతటితో అయిందా? కార్మెలా మాట ఊరంతా పాకింది. ఎవరింట్లో వాళ్ళకి తలుపు కింద మొండెం కనపడింది. మొండెం ఊరికే ఉంటే ఎవరూ అడగరు, చేతులు మారితేనే గొడవ అని నేను మొత్తుకున్నా వినేదెవరు? చక్రాల బండ్లలో, పిల్లల తోపుడు బండ్లలో వేసుకుని నా షెడ్డుకి వరసకట్టారు. ఆర్లో తన పడవ లంగరు తెచ్చాడు, నాచుతో సహా. ఫాదర్ కాగితాల బరువు తెచ్చి, "దీన్ని నా ముందున్న ఫాదర్ నాకిచ్చి పోయాడమ్మా, నేను నేరస్థుడినా?" అని దిగులుపడ్డాడు. లైబ్రరీ ఆవిడ మొండేల్ని మోసుకొచ్చేలోపు అక్కడ పుస్తకాలన్నీ నేలమీద పడ్డాయట. కొందరు తెర కడ్డీలు పీక్కొచ్చారు. కొందరు టమాటా ఊతలు, వాటికి ఇంకా తీగ చుట్టుకునే ఉంది.

"మొండెం ఒక్కటేనయ్యా!" అని పొద్దుటినుంచి అరుస్తున్నాను. "గొట్టం నీ ఇష్టం, స్ప్రింగు నీ ఇష్టం, చెక్క నీ ఇష్టం. అమ్ముకో, పంచుకో, పొయ్యిలో పెట్టుకో. చట్టం పట్టించుకునేది మొండేన్నే!"

ఎన్నోసారి అరిచానో తెలియదు, ఆ మాట నా చెవికే తగిలింది. చెక్క నీ ఇష్టం. చేతిలో ఉన్న తెర కడ్డీ కింద పెట్టాను.

ఇది మా ఊరివాళ్ళు మాత్రమే చెయ్యగల తెలివితక్కువ పని. పుట్టిన దగ్గర్నుంచి ముక్కల్ని తుపాకీగా బిగించడమే నేర్చుకున్నాం. బిగించినదాన్ని విప్పొచ్చని ఒక్క బుర్రకీ తట్టలేదు, నా బుర్రతో సహా. నేను మరమ్మతులు చేసి బతికేదాన్ని! వరసలో ఉన్నవాళ్ళని వానపాములకి కాపలా పెట్టి, స్క్రూడ్రైవరు జేబులో వేసుకుని కార్మెలా ఇంటికి పోయాను.

"కింది చెక్క విప్పి ఇచ్చెయ్. దానికి చట్టం లేదు."

కార్మెలా తలుపుకి అడ్డంగా నిలబడింది. "ఉత్త చెక్క పట్టుకెళ్ళి వాళ్ళేం చేస్కుంటారే?"

ఎవరితోనూ అనొద్దన్నాడు లైల్. అన్నాను. నా నోరు అంతే, మంచికైనా చెడుకైనా ఆగదు. రోడా కళ్ళు, వేళ్ళు, గెల్చుకురమ్మన్న మాట, అన్నీ చెప్పేశాను.

కార్మెలా తలుపుకి అడ్డం తప్పుకుంది. తర్వాత లోపలికెళ్ళి కోటు తొడుక్కుని, కప్పుని చంకలో పెట్టుకుంది.

"నా ఇనుము నేను మోసుకెళ్తే నేరం కాదుగా?"

"కాదు. అక్కడ వదిలేసి రాకూడదంతే."

"నువ్వు విప్పితే గీతలు పడతాయి. నా కళ్ళముందు విప్పు. పద."

రోడా వంటింటి బల్ల మీద మరలు విప్పాను. ఏళ్ళ తరబడి బిగుసుకుపోయిన మరలు, కిర్రుమంటూ వచ్చాయి. చెక్కని రోడా ముందుకి జరిపాను. ఎవరొచ్చారో లైల్ చెప్పాడు. ఆవిడ అటు తల తిప్పలేదు. రెండు చేతులూ చెక్క మీద పెట్టింది.

వేళ్ళు మెల్లగా కదిలాయి. ముందు అంచులు, తర్వాత గళ్ళు. ఒక చోట ఆగి, ఇంకో వేలితో చూసి, మళ్ళీ కదిలింది. లైల్ పొయ్యి దగ్గర నిలబడి ఏడుస్తున్నాడు. నేను మరలు లెక్కబెడుతున్నట్టు నటించాను.

"దీనికి ఎవరో నూనె పట్టిస్తున్నారు" అంది రోడా.

"ఎండితే పగులుద్దని" అంది కార్మెలా. "శనివారం శనివారం తుడుస్తా. ఇనుముతో పాటే."

రోడా వేలు ఒక మూల దగ్గర ఆగింది. ఉన్నట్టుండి నవ్వింది. "ఇదిగో! ఉంది, ఇంకా ఉంది! ఇక్కడ ఒక గీత తప్పాను. ఒకే ఒక్కటి. ఎవ్వరూ పట్టుకోలేదు. మచ్చలేని పని అని అందరూ మెచ్చుకుంటుంటే లోపల్లోపల చచ్చిపోయేదాన్ని."

"తప్పా? ఎక్కడ?" కార్మెలా కుర్చీ లాక్కుని కూర్చుంది. "నేనిన్నేళ్ళూ తుడిచానే, నా కంటికి ఆనకుండా ఎలా పోద్ది?"

"నీ కళ్ళు గొట్టాలకే పనికొస్తాయి. నీ వేలు ఇలా తే." రోడా ఆవిడ వేలు పట్టుకుని ఆ మూల మీద పెట్టింది. కార్మెలా ఒక కన్ను మూసి వంగింది. కాసేపటికి, "ఓరి దేవుడా" అంది.

ఆ సంబరంలో మొండెం సంగతి మరిచిపోయాం. కార్మెలా దాన్ని బల్ల మీద నిలబెట్టబోయింది. ఢామ్మని పక్కకి ఒరిగింది. మళ్ళీ నిలబెట్టింది. మళ్ళీ ఒరిగింది.

"చెక్క లేకపోతే నిలబడదేమిటే నీ ఇనుము?" అంది రోడా.

కార్మెలా ఏమంటుందోనని అందరం ఎదురుచూశాం. ఆవిడ మొండేన్ని తీసి రోడా చెక్క మీద పెట్టింది. మరలు లేకుండానే బుద్ధిగా కూర్చుంది. "కాఫీ పెడతావా, మీటింగు పెడతావా?" అంది.

వెళ్ళేటప్పుడు కార్మెలా తన ఇనుము చేతిసంచిలో వేసుకుని, చెక్కని బల్ల మీదే వదిలి వెళ్ళింది. చట్టం అక్షరాలా పాటించాం. మరి గెలిచిన కప్పు మొండెం లేకుండా బోసిగా ఉంటే ఎలా అని ఆ తర్వాతి ఆదివారం కార్మెలా మళ్ళీ తెచ్చింది. కాసేపు చెక్క మీద పెట్టింది, కాఫీ తాగింది, రోడాతో వాదులాడింది, సంచిలో వేసుకుని పోయింది. ఆపై ఆదివారం కూడా. ఊరు మొదట వింతగా చూసింది, తర్వాత మామూలైపోయింది. తలుపుల కింది మొండేలు కూడా ఎక్కడివక్కడికి చేరాయి.

నవంబరులో, జింకల వేట మొదలయ్యే ముందు, రాజధాని నుంచి కబురొచ్చింది. పడవ దొంగ దొరికాడు. మా లైల్ మంచివాడేనట, అది కనుక్కోడానికి వాళ్ళకి ఇంతకాలం పట్టింది. 'కానివ్వండి' అన్నారు. ఇక నంబరు కొట్టడం నాకు పదినిమిషాల పని. లైల్‌కి ఫోను చేశాను. ఆయన మాట్లాడేలోపు రోడా ఫోను లాక్కుంది.

"బెర్నీ, కార్మెలాకి చెప్పావా?"

"ఇంకా లేదు."

"చెప్పకు. చెప్తే ఆ ఇనుము ఇక్కడ పడేసి పోద్ది. దాంతో నాకేం పని?"

ఆదివారం నేనే వెళ్ళాను. ఆ అనుమతికి నెల గడువుంటుంది, దాచి పెట్టడం నాకు చేతకాదు, ముఖాముఖి తేల్చేద్దామని. రోడా ఇంటి మెట్ల దగ్గర కార్మెలా ఎదురైంది, చేతిసంచి బరువుకి ఒక పక్కకి ఒరిగి నడుస్తోంది.

"ఏమే, ఆ పడవ దొంగ సంగతేమైంది?"

నోరు తెరిచాను.

"తేలకపోతే తొందరేం లేదులే" అంది కార్మెలా, నా మొహం చూడకుండా. "చట్టం కదా. నిదానంగానే పోవాలి."

"నంబరు కొట్టే అచ్చులు కూడా అరిగిపోయాయి. కొత్తవి తెప్పించాలి" అన్నాను. నా అచ్చులు నిక్షేపంలా ఉన్నాయి.

లోపల లైల్ కాఫీ పోశాడు. కార్మెలా ఇనుము పక్కన పెట్టి, కుర్చీ రోడా కుర్చీకి ఆనించి కూర్చుంది. రోడా చేతులు చెక్క మీద ఉన్నాయి కానీ దారి తెలియక ఒకే చోట తిరుగుతున్నాయి. ఆ కొన్ని నెలల్లోనే వేళ్ళు బాగా మొద్దుబారాయి.

కార్మెలా రోడా చూపుడువేలు తన వేళ్ళతో పట్టుకుని గీత మీద పెట్టింది. ఒక కన్ను మూసి, గొట్టంలోకి చూసినట్టు చూస్తూ మెల్లగా నడిపించింది.

"ఇప్పుడు తిన్నగా పోతున్నాం. ఇది గడి. ఇంకో గడి. మూల తిరుగుతున్నాం, జాగ్రత్త. ఇంకా తిన్నగా..."

"వచ్చిందా?" అంది రోడా.

"ఆగవే, తొందరెందుకు? ఆ... ఇదిగో. వచ్చాం. నీ తప్పు ఇక్కడే ఉంది."

రోడా నవ్వింది. నేను జేబులో ఉన్న అనుమతి కాగితాన్ని ఇంకాస్త లోపలికి తోసి, లైల్‌ని కొంచెం పంచదార అడిగాను.